మాల్ ఈ నగరానికి ఎంత బాకీ? సైబరాబాద్‌లో ఇంపాక్ట్ ఫీజు లెక్క, అందులో మన వాటా

ఒక పెద్ద మాల్ తెరుచుకుంటే దాని గోడల లోపల జరిగే వ్యాపారం యజమానిది, అక్కడ దుకాణాలు అద్దెకు తీసుకున్న కంపెనీలది. గోడల బయట జరిగేదంతా ఊరి మీద పడుతుంది. శనివారం సాయంత్రం రోడ్డు మీద బారులు తీరే కార్లు, పెరిగిన నీటి వాడకం, మురుగు లైన్‌లోకి రోజూ వెళ్లే నీరు, ఫుడ్ కోర్టు నుంచి వచ్చే చెత్త, రాత్రి పది దాటాక పని ముగించుకుని బస్సు కోసం నిలబడే సేల్స్ అమ్మాయిలు, సెక్యూరిటీ గార్డులు. వీటన్నిటికీ రోడ్డు కావాలి, పైపు కావాలి, బస్సు కావాలి, ఊడ్చే మనిషి కావాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? మాల్ కట్టినవారా, మొత్తం నగరమా?

ఈ ప్రశ్నకు నగరాలు చెప్పుకున్న జవాబే డెవలప్‌మెంట్ ఇంపాక్ట్ ఫీజు. కొత్త కట్టడం వల్ల నగర వసతుల మీద పడే భారంలో ఆ కట్టడం వాటా ఎంతో లెక్కగట్టి, అనుమతి ఇచ్చే సమయంలోనే ఒక్కసారి వసూలు చేసే మొత్తం ఇది. హైదరాబాద్‌లోనూ ఇది ఉంది. కాగితాల మీద దీని పేరు సిటీ లెవెల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇంపాక్ట్ ఫీజు.

ఇది టౌన్ ప్లానింగ్ ఆఫీసు గొడవ, మనకెందుకు అని ఉద్యమాల్లో ఉన్న చాలామంది అనుకుంటారు. అలా వదిలేయడానికి వీల్లేదని మా అభిప్రాయం. సబ్ ప్లాన్ నిధుల కోసం ఏళ్ల తరబడి కొట్లాడిన అనుభవం మనకుంది. బడ్జెట్ పుస్తకంలో కనిపించే డబ్బు మీద ప్రశ్న వేయడం నేర్చుకున్నాం. కానీ నగరాల్లో ఇప్పుడు పెద్ద మొత్తాలు బడ్జెట్ పుస్తకం బయటే వసూలవుతాయి, బయటే ఖర్చవుతాయి. ఇంపాక్ట్ ఫీజు అలాంటిదే. అంబేద్కర్ కొలంబియాలో చేసి 1925లో అచ్చు వేసిన పరిశోధన బ్రిటిష్ ఇండియాలో ప్రభుత్వ ఆదాయ వ్యయాల పంపిణీ గురించే. ఖజానా లెక్కలు చదవడం మన సంప్రదాయంలో మొదటి నుంచీ ఉన్న పనే.

పన్ను వేరు, ఫీజు వేరు

ముందు ఒక చట్టపరమైన తేడా తెలుసుకోవాలి, ఎందుకంటే మనం అడగబోయే ప్రశ్నలన్నీ దాని మీదే నిలబడతాయి. రాజ్యాంగంలోని 265వ అధికరణం ప్రకారం చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు. పన్ను కట్టినవాడికి ప్రభుత్వం ఫలానా సేవ చేయాలన్న షరతు ఉండదు. అది అందరి ఖజానాలో కలుస్తుంది. ఫీజు అలా కాదు. ఒక సేవకు ప్రతిఫలంగా వసూలు చేసేది ఫీజు. 1954లో మద్రాసు హిందూ ధర్మాదాయ శాఖకు, శిరూర్ మఠానికి మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరించింది. 1983లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ కమిటీల ఫీజు కేసులో అదే కోర్టు కొంత సడలించింది. పైసా పైసాకు లెక్క చూపక్కర్లేదు, వసూలు చేసిన దానికీ చేసిన సేవకూ మధ్య స్థూలంగా సంబంధం ఉంటే చాలంది.

స్థూలంగానైనా సరే, సంబంధం అంటూ ఉండాలి. ఇదే మన చేతిలో ఉన్న మొదటి ఆయుధం. ఇంపాక్ట్ ఫీజు పేరుతో వసూలు చేసిన డబ్బు ఏ భారాన్ని తగ్గించడానికి ఖర్చయిందో చెప్పాల్సిన బాధ్యత వసూలు చేసిన సంస్థదే.

సరైన లెక్క ఎలా కడతారు

ఇంపాక్ట్ ఫీజును పద్ధతిగా నిర్ణయించే నగరాలు నాలుగు మెట్లలో లెక్క వేస్తాయి. మొదట, ఇప్పుడున్న వసతులేమిటో చూస్తారు: ఫలానా కూడలి గంటకు ఎన్ని వాహనాలను మోయగలదు, ఫలానా మురుగు లైన్ ఎంత నీటిని తీసుకోగలదు. రెండోది, కొత్త కట్టడం ఎంత భారం తెస్తుందో అంచనా వేస్తారు. మూడోది, ఆ భారం మోయడానికి పెంచాల్సిన వసతులకు ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి, అందులో ఈ కట్టడం వాటా తేలుస్తారు. నాలుగోది, ఆ కట్టడం రేపు కట్టబోయే ఆస్తి పన్నులో ఇదే పనికి వెళ్లే భాగాన్ని తీసేస్తారు. ఒకే పనికి రెండుసార్లు వసూలు చేయకూడదన్నది ఇక్కడ సూత్రం.

అర్థం కావడానికి ఒక ఊహా లెక్క చెబుతాం. ఇవి మేము ఉదాహరణ కోసం పెట్టుకున్న అంకెలు, ఏ అసలు మాల్‌వీ కావు. 50,000 చదరపు మీటర్ల మాల్ ఒకటి వస్తోంది అనుకుందాం. రద్దీ గంటలో దానికి 1,000 వాహనాలు వస్తాయని అంచనా. వాటిలో 200 ఎలాగూ ఆ రోడ్డున పోతూ దారిలో ఆగేవి. కాబట్టి కొత్తగా పడే భారం 800 వాహనాలు. ఆ కూడలిని గంటకు అదనంగా 6,000 వాహనాలు మోసేలా మార్చడానికి 60 కోట్ల రూపాయలు కావాలి, అంటే వాహనానికి లక్ష. మాల్ వాటా 8 కోట్లు. మాల్ కట్టబోయే పన్నుల్లో ఈ పనికే పోయేది కోటి అనుకుంటే, నికరంగా 7 కోట్లు. చదరపు మీటరుకు 1,400 రూపాయలు. నీటికి, మురుగుకు, చెత్తకు కూడా ఇలాగే విడివిడిగా లెక్క వేసి కలుపుతారు.

ఈ లెక్కలో గమనించాల్సింది ఒకటుంది. మాల్‌ను, ఆఫీసును, ఇళ్ల సముదాయాన్ని ఒకే గాటన కట్టరు. అదే విస్తీర్ణంలో ఇళ్లు కడితే వచ్చే వాహనాలు వేరు, ఆఫీసు కడితే వచ్చేవి వేరు, మాల్ కడితే వచ్చేవి వేరు. మాల్‌కు రద్దీ సాయంత్రాల్లో, సెలవు రోజుల్లో ఉంటుంది. ఆఫీసుకు వారం మధ్యలో ఉదయం, సాయంత్రం ఉంటుంది. ఫీజు ఆ వాడకాన్ని బట్టి మారాలి.

అమెరికా కోర్టులు పెట్టిన హద్దు, నగరాలు తెరిచిన తలుపు

ఈ పద్ధతి ఎక్కువగా పెరిగింది అమెరికాలో. అక్కడ డెవలపర్లే కోర్టులకు వెళ్లి దీనికి హద్దులు పెట్టించారు. 1987లో కాలిఫోర్నియా తీర ప్రాంత కమిషన్ కేసులో, అనుమతికి పెట్టే షరతుకూ కట్టడం వల్ల కలిగే నష్టానికీ సంబంధం ఉండాలని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. 1994లో ఒరెగాన్ రాష్ట్రంలోని టిగార్డ్ పట్టణం కేసు వచ్చింది. దుకాణం పెంచుకోవాలంటే వరద మైదానం కోసం, సైకిల్ దారి కోసం కొంత స్థలం ఇవ్వాలని పట్టణం షరతు పెట్టింది. అడిగేది భారానికి సుమారుగానైనా తగినంత ఉండాలని, ఆ లెక్క చూపాల్సింది నగరమేనని కోర్టు అంది. 2024లో కాలిఫోర్నియాలోని ఎల్ డొరాడో కౌంటీ ట్రాఫిక్ ఫీజు కేసులో, చట్టసభ ముందే తయారు చేసిన ఫీజు పట్టికలకూ ఈ పరీక్ష నుంచి మినహాయింపు లేదని తేల్చింది.

ఈ తీర్పులు ప్రధానంగా ఆస్తి ఉన్నవారిని కాపాడేవి. అయినా లెక్క చూపాలన్న సూత్రం ఇరువైపులా పనిచేస్తుంది. ఎక్కువ వసూలు చేశారని డెవలపర్ అడగగలిగితే, వసూలు చేసింది మా వాడకు రాలేదని బస్తీ కూడా అడగగలదు.

అదే దేశంలో మనకు ఇంకా దగ్గరైన ఆలోచన ఒకటి పుట్టింది. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కో, 1983లో బోస్టన్ నగరాలు పెద్ద ఆఫీసులు, వాణిజ్య భవనాలు కట్టేవారి నుంచి పేదల ఇళ్ల కోసం వాటా తీసుకోవడం మొదలుపెట్టాయి. దీన్ని లింకేజ్ ఫీజు అంటారు. దీని వెనుక తర్కం తేలికైనదే. పెద్ద వాణిజ్య భవనం వస్తే అందులో తక్కువ జీతాల ఉద్యోగాలు కూడా వస్తాయి. ఆ ఉద్యోగులకు దగ్గరలో ఇల్లు దొరకదు, ఎందుకంటే అదే భవనం వల్ల చుట్టుపక్కల అద్దెలు పెరుగుతాయి. కాబట్టి ఇల్లు కూడా రోడ్డులాగే ఒక వసతి, దాని మీద పడే భారానికీ భవనం బాధ్యత వహించాలి. బోస్టన్ ఆ తర్వాత ఉద్యోగ శిక్షణకూ ఇలాంటి వాటానే కలిపింది.

హైదరాబాద్‌లో లెక్క ఎత్తును బట్టి

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి మాధాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి శివారు గ్రామాలే. 2001లో సుమారు 52 చదరపు కిలోమీటర్ల మేర సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పాటు చేసి, ఆ ప్రాంతానికి ప్రత్యేక మాస్టర్ ప్లాన్ పెట్టారు. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లితో సహా 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి జీహెచ్ఎంసీ అయింది. 2008లో ఆ అథారిటీ హెచ్ఎండీఏలో కలిసిపోయింది.

ఈ మధ్యలో పెద్ద మలుపు 2006 మార్చి 3న వచ్చిన జీవో 86. అప్పటిదాకా ఒక స్థలంలో ఎంత విస్తీర్ణం కట్టవచ్చో ఎఫ్ఎస్ఐ అనే కొలత హద్దు పెట్టేది. ఆ జీవో దాన్ని ఎత్తేసింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం సరిపోతే ఎంత ఎత్తైనా కట్టుకోవచ్చు. దేశంలోని ఇతర పెద్ద నగరాలు ఎఫ్ఎస్ఐ పట్టుకుని ఉండగా హైదరాబాద్ దాన్ని వదిలేసింది. 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168, అంటే నేటికీ పునాదిగా ఉన్న బిల్డింగ్ రూల్స్, ఇదే దారిలో నడిచాయి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వాటిని సవరణలతో కొనసాగించింది.

కట్టే విస్తీర్ణానికి హద్దు తీసేసిన ప్రభుత్వం, బదులుగా ఎత్తైన కట్టడాల పై అంతస్తుల మీద ఇంపాక్ట్ ఫీజు పెట్టింది. చదరపు మీటరుకు ఇంత అని పట్టిక ఉంటుంది. ప్రాంతం, వాడకం, అంతస్తుల సంఖ్య బట్టి రేటు మారుతుంది. వెనకటి పద్ధతిలో హద్దు దాటి కట్టకూడదనే నియమం ఉంటే, కొత్త పద్ధతిలో డబ్బు కట్టి పైకి పోవచ్చనే నియమం వచ్చింది. డెవలప్‌మెంట్ చార్జీలు, బెటర్‌మెంట్ చార్జీలు, పర్మిట్ ఫీజు వంటివి దీనికి అదనం. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో ఇవన్నీ ఆన్‌లైన్‌లో లెక్కవుతున్నాయి.

పై అంతస్తుల ఎత్తును, విస్తీర్ణాన్ని కొలిస్తే అధికారికి పని తేలిక. ప్లాన్ చూసి కాలిక్యులేటర్ నొక్కితే అంకె వస్తుంది, వాదన ఉండదు. కానీ భారం కొలవడానికి ఇది సరిపోదు. వెడల్పుగా పరుచుకున్న ఆరేడు అంతస్తుల మాల్‌కు ఒక్క సాయంత్రం వచ్చే జనం, ముప్పై అంతస్తుల ఇళ్ల టవర్‌కు వారమంతా రాకపోవచ్చు. ఎత్తును బట్టి తీసే లెక్క రెండోదాని మీద ఎక్కువ బరువు పెడుతుంది. మనం పైన చూసిన నాలుగు మెట్లలో మొదటి మూడూ ఇక్కడ పట్టికలోనే మునిగిపోతాయి. ఫలానా కూడలి సామర్థ్యం ఎంత, ఈ మాల్ వాటా ఎంత అన్న ప్రశ్న ఫీజు కట్టే దగ్గర ఎదురుకాదు.

ఇంకో చిక్కు ఉంది. ఐటీ కారిడార్ అంతా ఒకే సంస్థ కింద లేదు. పరిశ్రమల మౌలిక వసతుల కార్పొరేషన్ అభివృద్ధి చేసిన స్థలాల్లో ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ, అంటే ఐలా, మున్సిపాలిటీ చేసే పనులు చేస్తుంది. అనుమతులు, పన్ను వసూలు దాని చేతిలో ఉంటాయి. వసూలైన ఆస్తి పన్నులో కొంత భాగమే స్థానిక సంస్థకు వెళ్తుంది. మెరిసే ప్రాంతం ఆదాయం ఎక్కువ భాగం ఆ మెరుపు దగ్గరే ఆగిపోతుంది. దాని వెనక వీధిలో ఉండే బస్తీ మాత్రం కార్పొరేషన్ వంతు.

జీవోలోనే ఉన్న ఒక వాక్యం

ఇంపాక్ట్ ఫీజు నియమంలో కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాల్సిన అంశం ఒకటి ఉంది. ఈ డబ్బును మామూలు ఖాతాలో కలపకూడదు, విడిగా ఎస్క్రో ఖాతాలో ఉంచాలి. అందులో సగం అదే ప్రాంతంలో వసతుల కోసం, మిగతా సగం నగర స్థాయి మౌలిక వసతుల కోసం వాడాలి. దానికి ముందుగా మౌలిక వసతుల ప్రణాళిక, కార్యాచరణ ప్రణాళిక తయారు చేయాలి.

అంటే కొండాపూర్‌లో ఒక మాల్ ఫీజు కడితే అందులో సగం మీద కొండాపూర్ చుట్టుపక్కల ఉండేవారికి హక్కు ఉంది. అయితే అదే ప్రాంతం అంటే ఏది? వార్డా, సర్కిలా, జోనా? ఆ ప్రాంతంలో ఎవరి వీధి ముందు? అద్దాల భవనాల మధ్య ఉన్న రోడ్డా, హాస్టళ్లు, అద్దె గదులు కిక్కిరిసిన అంజయ్యనగర్, సిద్ధిఖ్‌నగర్ లాంటి చోట్ల డ్రైనేజీయా? ఈ నిర్ణయం జరిగే గదిలో బస్తీ మనిషి ఎవరూ లేరు.

డబ్బు ఎటు పోయింది, ఎవరు ఎక్కారు

గత పదేళ్లలో ఐటీ కారిడార్‌లో కంటికి కనిపించే పనులు ఎన్నో జరిగాయి. వ్యూహాత్మక రహదారుల పథకం ఎస్ఆర్‌డీపీ కింద మైండ్‌స్పేస్ కూడలి ఫ్లైఓవర్, అండర్‌పాస్, బయోడైవర్సిటీ ఫ్లైఓవర్లు వచ్చాయి. 2020 సెప్టెంబర్‌లో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. ఒడ్డున 2009 నుంచి ఉన్న మాల్‌కు, జూబ్లీహిల్స్‌కు మధ్య దూరం అలా తగ్గింది. ఈ పనుల కోసం జీహెచ్ఎంసీ మార్కెట్లో బాండ్లు కూడా అమ్మింది. 2018 ఫిబ్రవరిలో 8.90 శాతం వడ్డీకి 200 కోట్లు, అదే ఏడాది ఆగస్టులో 9.38 శాతానికి 195 కోట్లు, 2019లో 10.23 శాతానికి 100 కోట్లు. ఆ అప్పు, వడ్డీ తీర్చేది నగరమంతా కట్టే పన్నుతో. అందులో బోరబండలో, మౌలాలిలో చిన్న ఇల్లున్నవాళ్లు కట్టే పన్ను కూడా ఉంటుంది.

ఫ్లైఓవర్ అక్కర్లేదని మేము అనడం లేదు. కొత్త భవనాల వల్ల పుట్టిన రద్దీని తీర్చే ఖర్చులో ఎంత భాగం ఆ భవనాల ఫీజు నుంచి వచ్చింది, ఎంత భాగం నగరం అప్పు చేసి పెట్టింది అన్న లెక్క ఒక్క పేజీలో జనానికి చెప్పాలంటున్నాం. మాల్ వల్ల పుట్టిన రద్దీని పేదవాడి పన్నుతో తీరిస్తే, అది పేదవాడు మాల్‌కు ఇచ్చిన సబ్సిడీ.

రద్దీ అనే మాటకే ఇక్కడ రెండు అర్థాలున్నాయి. 2024 జనవరిలో మాధాపూర్‌లో రోడ్డు పక్క భోజనం అమ్మే ఒక మహిళ దుకాణం దగ్గర జనం పెరిగారని, ట్రాఫిక్‌కు అడ్డమని పోలీసులు ఆపించారు. అది రాష్ట్రమంతా చర్చయి, చివరికి ముఖ్యమంత్రి జోక్యంతో ఆమె మళ్లీ అమ్ముకోగలిగారు. మాల్ తెచ్చే రద్దీకి చదరపు మీటరు లెక్కన రేటు ఉంది, కడితే అది అభివృద్ధి అవుతుంది. బండి తెచ్చే రద్దీకి రేటు లేదు, కేసు ఉంది. అందరికీ ముఖ్యమంత్రి జోక్యం దొరకదు. 2014 వీధి వ్యాపారుల చట్టం మాత్రం అందరికీ ఉంది. జనాభాలో 2.5 శాతం వరకు వీధి వ్యాపారులకు చోటు చూపాలని, టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది వ్యాపారులే ఎన్నికైన ప్రతినిధులుగా ఉండాలని, వారిలో మూడో వంతు మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలని అది చెబుతుంది. మాల్ ఎదుటి ఫుట్‌పాత్ వెడల్పు చేసి వెండింగ్ జోన్ కట్టడం ఇంపాక్ట్ ఫీజుతో చేయదగ్గ పనే. అదీ మౌలిక వసతే.

మురుగు లైన్‌లో దిగేది ఎవరు

మాల్ భారం అనగానే అధికారులు కార్లు లెక్కపెడతారు. మురుగు లెక్క అంత తేలికగా పైకి రాదు. సినిమా తెరలు, ఫుడ్ కోర్టు, వందల మరుగుదొడ్లు ఉన్న భవనం నుంచి వచ్చే నీరు, నూనె, జిడ్డు ఎక్కడో ఒకచోట లైన్‌ను మూసేస్తాయి. మూసుకుపోయిన లైన్ తెరవడానికి వచ్చేవారి కులం ఏమిటో ఈ వెబ్‌సైట్ పాఠకులకు చెప్పక్కర్లేదు. 2013 చట్టం మనిషిని మ్యాన్‌హోల్‌లోకి రక్షణ లేకుండా దించడాన్ని నిషేధించింది. 2014లో సుప్రీంకోర్టు మురుగు మరణానికి 10 లక్షల పరిహారం అంది, 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. మరణం తర్వాత పరిహారం కంటే ముందే యంత్రం రావాలి కదా.

దానికి మన నగరంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2017లో జలమండలి, దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను ఇరుకు వీధుల్లోకి దింపింది. ఆ యంత్రాల యజమానులుగా దళితులు వచ్చారు. మురుగు పనిని కులం నుంచి యంత్రానికి మార్చే ఆ చిన్న అడుగుకు నిధులు ఎక్కడి నుంచి రావాలి? భారం తెచ్చిన భవనాల ఫీజు నుంచి ఎందుకు రాకూడదు? కొత్త మాల్ అనుమతి లెక్కలో మురుగు భారం కింద ఇన్ని యంత్రాలు, ఇన్ని రక్షణ పరికరాలు, ఇంతమంది కార్మికుల పర్మినెంట్ జీతం అని ఒక వరుస చేర్చడానికి ఏ చట్టమూ అడ్డం కాదు.

సబ్ ప్లాన్ చట్టం చూపు పడని చోటు

2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ఎస్సీ, ఎస్టీ సబ్ ప్లాన్ చట్టం పోరాటాల ఫలితం. 2017లో తెలంగాణ దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది. రాష్ట్ర బడ్జెట్‌లోని ప్రగతి పద్దు నుంచి జనాభా నిష్పత్తిలో, అంటే 2011 లెక్కల ప్రకారం ఎస్సీలకు 15.45 శాతం, ఎస్టీలకు 9.08 శాతం కేటాయించాలి. ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాదికి తీసుకెళ్లాలి.

ఈ చట్టం చూసేది రాష్ట్ర బడ్జెట్‌ను. బిల్డింగ్ అనుమతి దగ్గర వసూలై ఎస్క్రో ఖాతాలో పడే ఫీజు ఆ పద్దులోకి రాదు. ఐలా ఆదాయమూ అంతే. ఇలా నగరాభివృద్ధి డబ్బు ఎంత ఎక్కువగా ఫీజులు, వేలాలు, బాండ్ల రూపంలోకి మారితే, మనం కొట్లాడి సాధించిన వాటా వర్తించే పునాది అంత కుంచించుకుపోతుంది. శాతం తగ్గించనక్కర్లేదు, డబ్బు దారి మారిస్తే చాలు.

భూమి కథ దీనికి ముందు అధ్యాయం. హైదరాబాద్ పడమటి అంచున భూమి లేని కుటుంబాలకు, అందులో ఎక్కువగా దళితులకు, ఇచ్చిన అసైన్డ్ భూములను 1977 చట్టం అమ్ముకోనివ్వదు. ప్రభుత్వం మాత్రం ప్రజా ప్రయోజనం పేరుతో వెనక్కి తీసుకోగలదు. ఆ కుటుంబాలకూ పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో చేవెళ్ల డివిజన్ కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పాల్సి వచ్చింది. 2023 ఆగస్టులో కోకాపేటలో హెచ్ఎండీఏ వేలం వేసిన స్థలం ఎకరా 100.75 కోట్ల దాకా పలికింది. రోడ్లు, అవుటర్ రింగ్ రోడ్డు ప్రజల డబ్బుతో వచ్చి ఆ విలువను పెంచాయి. ఇంపాక్ట్ ఫీజు ఆ పెరిగిన విలువలో ఒక చిన్న ముక్కను తిరిగి తీసుకునే సాధనం. ఆ ముక్కలో కూడా వాటా లేకపోతే, భూమి పోయినవారికి రెండోసారి అన్యాయం జరిగినట్టు.

ఏం అడగాలి

ఇది మామూలు విద్యార్థి బృందం కూడా చేయగల పని. 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో, తెల్లకార్డు ఉన్నవారైతే ఉచితంగా, మున్సిపల్ కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగం, హెచ్ఎండీఏ, ఐలా, ఈ మూడింటికీ విడివిడిగా దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సినవి:

ఒకటి, గత ఐదేళ్లలో సర్కిల్ వారీగా, వాడకం వారీగా వసూలైన సిటీ లెవెల్ ఇంపాక్ట్ ఫీజు ఎంత? మాల్‌లు, మల్టీప్లెక్సుల వాటా విడిగా చూపాలి.

రెండు, ఎస్క్రో ఖాతా ఉందా? ఏటా ప్రారంభ నిల్వ, జమ, ఖర్చు, ముగింపు నిల్వ ఎంత?

మూడు, జీవో కోరిన మౌలిక వసతుల ప్రణాళిక, కార్యాచరణ ప్రణాళిక నకలు ఇవ్వండి. లేకపోతే లేదని రాసి ఇవ్వండి.

నాలుగు, అదే ప్రాంతంలో ఖర్చు చేయాల్సిన సగం ఏ పనులకు వెళ్లింది? ఆ పనుల్లో నోటిఫై అయిన బస్తీల్లో జరిగినవి ఏవి?

ఐదు, ఫలానా మాల్ అనుమతి ఫైల్‌లో ట్రాఫిక్ ప్రభావ అధ్యయనం ఉంటే దాని నకలు.

జవాబు వచ్చాక ఆ అంకెలను మ్యాప్ మీద పెట్టండి. ఫీజు వసూలైన చోటు ఒక రంగు, ఖర్చయిన చోటు ఇంకో రంగు, ఎస్సీ జనాభా ఎక్కువగా ఉన్న వార్డులు మూడో రంగు. ఆ ఒక్క మ్యాప్ వార్డు సభలో పది ప్రసంగాల పని చేస్తుంది.

డిమాండ్లుగా మేము ప్రతిపాదించేవి నాలుగు. ఫీజును ఎత్తు మీద కాక భారం మీద లెక్కగట్టాలి, మాల్‌కు మాల్ రేటు ఉండాలి. భారం అంటే కార్లే కాదు, మురుగు, చెత్త, కార్మికుల రవాణా, ఇల్లు కూడా అందులోకి రావాలి. ప్రత్యేక అభివృద్ధి నిధి నిష్పత్తిని ఫీజులకు, భూముల వేలం ఆదాయానికీ వర్తింపజేస్తూ చట్టాన్ని సవరించాలి. ఎస్క్రో ఖాతా ఖర్చును నిర్ణయించే కమిటీలో బస్తీ సంఘాలకు, పారిశుద్ధ్య కార్మికుల యూనియన్లకు, వీధి వ్యాపారులకు చోటుండాలి.

చివరిదాన్ని అసాధ్యమని కొట్టిపారేసేవారికి ఒక మాట. అనుమతి దగ్గరే వసూలయ్యే నిర్మాణ కార్మికుల సెస్సు ఇప్పటికే ఉంది. 1996 చట్టంతో మొదలైన ఈ సెస్సు నిర్మాణ వ్యయంలో 1 శాతంగా వసూలవుతూ వచ్చింది. దానికి విడి ఖాతా ఉంది, సంక్షేమ బోర్డు ఉంది, ఆ బోర్డులో కార్మికుల ప్రతినిధులకు చోటుంది, నమోదైన కార్మికుల జాబితా ఉంది. అమలులో లోపాలు ఎన్నున్నా, ఫలానా డబ్బు ఫలానా మనుషులదని చట్టం పేరు పెట్టి చెప్పింది. అదే భవనం కట్టే ఇంపాక్ట్ ఫీజు విషయంలో అలా పేరు పెట్టడానికి అడ్డేమిటో ప్రభుత్వం చెప్పాలి.

వచ్చే బడ్జెట్ సమావేశాల లోపు కనీసం శేరిలింగంపల్లి, చందానగర్ సర్కిళ్ల వరకైనా ఈ దరఖాస్తులు పడితే, మాట్లాడుకోవడానికి మన దగ్గర ఊహలు కాక అంకెలు ఉంటాయి. అక్కడి నుంచి మొదలుపెడదాం.